ఐదేసి లెక్క

నీలం పళ్ళెంలో మాత్రలు ఐదేసి చొప్పున లెక్కపెడతాను.
ఐదు, పది, పదిహేను,
ప్లాస్టిక్ గరిటె అంచుతో, చేప పొలుసులు పక్కకి తోసినట్టు.
పందొమ్మిదేళ్ళుగా ఇదే పని,
ఈరీ ఊళ్ళో, సరస్సు మీంచి మంచు అడ్డంగా కురిసే వీధిలో.

నా వెనక కొక్కేలకి సంచులు వేలాడుతుంటాయి,
నోటికి స్టేపుల్ కొట్టించుకుని.
పది రోజులు చూస్తాం. ఎవరూ రాకపోతే
పేరు చింపేసి మందుని మళ్ళీ అలమరలోకి పంపేస్తాం.
రాకపోవడమంటే తగ్గిపోవడం కాదని
నాకు పనిలో పెట్టినప్పుడు ఎవరూ చెప్పలేదు.

మంగళవారం లొరెటా వోయ్‌చిక్ వచ్చింది.
కోటు జేబులోంచి సీసా తీసి కౌంటరు మీద పెట్టింది,
రోడ్డు మీద దొరికిన ఉంగరాన్ని అప్పగించినట్టు.
"కాజ్‌వి. నలభై ఒకటి మిగిలాయి."
కాజ్ పోయి పదకొండు రోజులు.
ఒక్కో మాత్రా అతని ట్రక్కు టైరంత ఖరీదు.
మింగే ముందు రోజూ అనేవాడట:
"ఇదిగో, ఇవాళ ముందు ఎడమ చక్రం."

"డబ్బు వద్దు. ఎవరికైనా ఇవ్వండి."
ఇవ్వకూడదు. సీలు విప్పిన సీసా
మా గడప దాటాక ఇక మందు కాదు.
వాడేసిన కాఫీపొడిలో కలిపి, మూట కట్టి, చెత్తలో వేయాలి.
కాగితం మీదున్నది ఉన్నట్టు చదివాను.
ఆమె విన్నది. అప్పుడడిగింది,
పోట్లాటకి కాదు, దారి అడిగినట్టు:
"ఇంతెందుకయింది, డెల్ఫీన్?"

నాకు తెలిసింది ఈ తెర వరకే.
పొద్దున్న ఒకే చర్మం పూతకి
ఒకాయన నలభై డాలర్లిచ్చాడు, ఒకామె నాలుగు వందలు,
ఫోన్లో కూపన్ చూపించిన కుర్రాడు పన్నెండు.
కంపెనీని అడిగితే పరిశోధన అంటుంది.
బీమాని అడిగితే కంపెనీ వైపు చూస్తుంది.
మధ్యలో బేరం కుదిర్చే దళారి ఒకడున్నాడట,
తలుపు తడదామంటే వాడికి మా ఊళ్ళో గుమ్మం లేదు.
తగ్గించడానికే ముందు పెంచుతారట;
తగ్గింది ఎవరి జేబులో దిగిందో రసీదు మీద ఉండదు.
మా చెల్లెలు ఆసుపత్రి బిల్లుల గదిలో పనిచేస్తుంది.
రోగికి మంచం ఒకటి, ఆ మంచం తాలూకు కాగితాలకి కుర్చీలు పదిహేడు.
ఎవరూ దొంగలు కారే అక్కా, అంటుంది.
తలా పాపం తిలా పిడికెడు.

బంగాళాదుంపలు ప్రియమైతే వదిలేసి పక్క కొట్టుకి పోతాం.
ఊపిరి కోసం గీసి గీసి బేరమాడిన వాళ్ళెవరు?
ధర వేసేవాడికి ఆ సంగతి
మన డాక్టరు కన్నా ముందే తెలుసు.

ఇవేవీ అనలేదు.
"మరోసారి లెక్కపెట్టవూ," అంది లొరెటా,
"నేను సరిగా పెట్టానో లేదో."
ఆమె తృప్తి కోసం పళ్ళెంలో పోశాను. ఇటుక రంగు మాత్రలు.
ఐదు, పది... ముప్పై ఐదు, నలభై. ఒకటి.
క్యూలో వెనకున్న రాస్కో టిల్లరీ మెడ చాచాడు.
బస్సు నడుపుతాడు. అతని సంచి నా వెనక వేలాడబట్టి తొమ్మిదో రోజు.
ధర ఏమైనా దిగిందా అని కనుక్కోవడానికొచ్చాడు, మూడోసారి.
"ఆ రంగు నాకు తెలుసు," అన్నాడు,
ఎవరితోనూ కాకుండా.

లొరెటా వెనక్కి తిరిగి చూసింది.
నేను మూత బిగించి సీసా ఆమె చేతిలో పెట్టాను.
కాఫీపొడి సంగతి ఇంకోసారి చదివాను,
పైనున్న కెమెరాకి కూడా వినపడేంత గట్టిగా.
తర్వాత లోపలి గదిలోకెళ్ళి
సర్దక్కర్లేని అట్టపెట్టెలు చాలాసేపు సర్దాను.

వచ్చేసరికి కౌంటరు దగ్గర ఇద్దరూ లేరు.
బయట ఎవరో కారు అద్దం మీద మంచు గోకుతున్నారు.

మర్నాడు పదో రోజు. రాస్కో రాలేదు.
సంచి దింపి పేరు చింపాను.
రాకపోవడమంటే తగ్గిపోవడం కాదు.
ఈసారి మాత్రం, ఏమో.